పాస్టన్ ఊరు, పాస్టన్ వంశం



ఏ వంశ చరిత్రనైనా బిరుదుల్లో కాక పొలం కాగితాల్లో వెతకమని మన మాస్టారు చెప్పేవారు. ఆ మాటకు సరిగ్గా అతికే కథ ఒకటి ఆయన స్మృతికి సమర్పిస్తున్నాను. ఇంగ్లండులో నార్ఫోక్ తీరాన పాస్టన్ అనే పల్లె ఉంది. అక్కడి కుటుంబం ఇంటిపేరూ అదే.

ఈ వంశానికి మూలకథలు రెండు. మొదటిదానికి రాజముద్ర ఉంది. పాస్టన్లు నార్మన్లు వచ్చిన నాటి నుంచీ పెద్దింటివాళ్ళేనని నాలుగో ఎడ్వర్డ్ రాజు 1466లో ఒప్పుకున్నాడు. రెండోది వాళ్ళంటే గిట్టనివారెవరో రాసిన కాగితం. అందులో మూలపురుషుడు క్లెమెంట్, ఎండకూ చలికీ నాగలి వదలని రైతు. ఉన్నది నూరు, మహా అయితే నూట ఇరవై ఎకరాలు. అందులోనూ చాలా భాగం పక్క జమీకి కట్టుబడ్డ వెట్టి నేల. జీను లేని గుర్రం మీద ధాన్యం బస్తా వేసుకొని, దానిమీదే కూర్చుని మరకు పోయేవాడట. భార్య బియాట్రిస్ వెట్టివాళ్ళింటి ఆడపడుచట. అప్పు చేసి కొడుకును బడికి పంపాడట. ప్లీడరైన బావమరిది కూడా ఆ చదువుకు సాయపడ్డాడట.

ఇదంతా పరువు తీయడానికే రాశారు. పరువొక్కటే కాదు, ఆస్తి కూడా పోతుంది. ఆనాటి చట్టం ప్రకారం వెట్టివాడి ఆస్తి మీద ప్రభువుకు హక్కుంది. రాజముద్ర కోసం పాస్టన్లు అంత ఆరాటపడింది అందుకే. అయినా నాకు మాత్రం ఆ వంశావళిలో అన్నిటికన్నా గొప్ప వాక్యం, తండ్రి అప్పు చేసి చదివించాడన్నదే.

ఆ చదువుకున్న కొడుకు విలియం 1429లో న్యాయమూర్తి అయ్యాడు, భూములు కొన్నాడు. ఇంటి పక్కన దారి మళ్ళించడానికి అనుమతీ తెచ్చుకున్నాడు. 1444లో ఆయన పోయాక భార్య ఆగ్నెస్ అక్కడ గోడ కడితే ఊరివాళ్ళు పడగొట్టారు. నిన్నమొన్నటి దాకా తమతో పాటు దున్నినవాళ్ళు దారికి అడ్డం గోడ కడితే ఊరు ఎలా ఊరుకుంటుంది?

క్లెమెంట్ మనవడు జాన్ కాలమంతా కోర్టుల్లోనే గడిచింది. 1450లో శత్రువులు గ్రెషమ్ ఇంటి మీద పడి, లోపలున్న ఆయన భార్య మార్గరెట్‌ను బయటికి మోసుకొచ్చి మరీ ఇల్లు ఆక్రమించారు. 1459లో సర్ జాన్ ఫాస్టాల్ఫ్ చనిపోగా, ఆయన వీలునామా పేరిట కైస్టర్ కోట పాస్టన్ల చేతికొచ్చింది. దాన్ని 1469లో నార్ఫోక్ డ్యూకు ముట్టడించి పట్టుకున్నాడు. మళ్ళీ దక్కింది 1476లో.

కోట పోయిన ఏడే ఇంకొకటి జరిగింది. కూతురు మార్జరీ తమ గుమాస్తా రిచర్డ్ కాల్‌ను మనువాడింది. చెల్లెలు కొవ్వొత్తులూ ఆవాలూ అమ్ముకొని బతకడానికి తానొప్పనన్నాడు అన్న. తల్లి మార్గరెట్ గుమ్మం తొక్కనివ్వలేదు. క్లెమెంట్ పోయి అప్పటికి యాభై ఏళ్ళే. ఎంత త్వరగా మరిచిపోయారో చూడండి! ఈ కథలో నా మనసును కలచివేసేది ఇదే.

ఆ వంశం చివరికి యార్మత్ ఎర్ల్ పదవి దాకా ఎక్కింది. రెండో ఎర్ల్ 1732లో అప్పులతో పోవడంతో ఆ శాఖ ఆగింది. ఇంట్లో మిగిలిన ఉత్తరాలు చేతులు మారాయి. జాన్ ఫెన్ 1787లో వాటిని అచ్చు వేయడం మొదలుపెట్టాడు. వాటిలో మార్గరెట్ చెప్పి రాయించినవే నూరు దాకా ఉన్నాయి: పొలం కౌళ్ళు, కోర్టు వాయిదాలు, లండన్ నుంచి పంపమన్న సరుకులు.