అవ్వ ముఖం మీది పచ్చబొట్టును యాప్ తుడిచేస్తే

 

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఫోన్లలో చేస్తున్న బొమ్మలు మేము చూస్తూనే ఉన్నాం. తాత ఫోటో వెనక అడవి గీస్తున్నారు. గుస్సాడీ టోపీలోని నెమలి ఈకలకు రంగులు దిద్దుతున్నారు. కొమురం భీం వర్ధంతికో, దండారికో స్టేటస్ పెడుతున్నారు. బాగుంటున్నాయి, సంతోషం. ఒక్క విషయం మాత్రం మా మనసుకు కలుక్కుమంది.

మా హాస్టల్‌లో ఒక అమ్మాయి వాళ్ల అవ్వ ఫోటోకు యాప్‌లో 'బ్యూటీ' నొక్కింది. ముడతలు పోయాయి, రంగు తెల్లబడింది. నుదుటి మీద, గడ్డం మీద ఉన్న పచ్చబొట్లను కూడా యాప్ మచ్చలనుకుని తుడిచేసింది. చచ్చినా వెంట వచ్చే నగ అదొక్కటే అని చెప్పుకునే అవ్వ ముఖం అది! యాప్‌కు ఆ సంగతి తెలియదు, మనకు తెలుసు. అందుకే పని యాప్‌కు వదలకుండా మన చేత్తో చేయడం నేర్చుకోవాలి.

దానికి లేయర్లు కావాలి. మేము టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు పటం మీద పారదర్శకమైన షీట్లు పేర్చేవాళ్లం. ఒకదాని మీద నదులు, ఇంకోదాని మీద జిల్లాలు. ఏ షీట్ తీసినా కింది పటం చెక్కుచెదరదు. లేయర్ అంటే అదే. ఫోటోషాప్‌లో ఇది 1994లో వచ్చింది. ఇప్పుడు జింప్, క్రిటా డబ్బు పెట్టకుండానే దొరుకుతాయి. ఫోటోపియా అయితే బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది.

ముందు ఫోటో లేయర్‌కు తాళం వేయండి. మీ కుంచె గీతలన్నీ దాని పైన ఖాళీ లేయర్ మీదే పడాలి. ఆ లేయర్‌ను 'కలర్' మోడ్‌లో పెడితే కింది ఫోటోలోని వెలుగునీడలు అలాగే ఉండి, రంగు మాత్రం మారుతుంది. పొగకు, చెట్టు నీడకు 'మల్టిప్లై' బాగుంటుంది.

ఇక మాస్క్. ఆ మాట వినగానే మనకు నాయకపోడ్ల లక్ష్మీదేవర ముఖాలు గుర్తొస్తాయి. పెట్టుకుంటే మనిషి కనబడడు, తీస్తే మళ్లీ అదే మనిషి. లేయర్ మాస్క్ కూడా అంతే. మాస్క్ మీద నలుపు పూస్తే ఆ లేయర్‌లో అంతమేర దాగుతుంది, తెలుపు పూస్తే తిరిగి కనబడుతుంది, బూడిదరంగు పూస్తే సగం సగం. ఎరేజర్‌తో చెరిపి, ఫైల్ సేవ్ చేసి మూసేస్తే పోయింది పోయినట్టే. నెమలి ఈకల అంచుల దగ్గర తేడా బాగా తెలుస్తుంది. బొమ్మను పెద్దది చేసుకుని, మెత్తని చిన్న బ్రష్‌తో, ఒపాసిటీ తగ్గించి, మాస్క్ మీద నెమ్మదిగా పూయండి. ఈక ఎక్కువ దాగితే తెలుపు పూసి వెనక్కి తెచ్చుకోవచ్చు. గంట పడుతుంది, పట్టనివ్వండి.

పాత ఫోటోలకు రంగు వేసేవాళ్లకు ఇంకో మాట. హైమెండార్ఫ్ దొర 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల ఫోటోలు తీశారు. ఆయన సేకరణ లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో ఉంది. నలుపు తెలుపు ఫోటోలో చీర ఎరుపో నీలమో తెలియదు. మీకు నచ్చిన రంగు వేసే ముందు ఇంట్లో ముసలివాళ్లను అడగండి. వేశాక, రంగులు మేము వేసినవి అని కింద రాయండి. గుంజాల గోండి లిపిలో కూడా రాయవచ్చు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది, నోటో ఫాంట్ ఉంది. అక్షరాలను బొమ్మలా గీసే అవస్థ లేదు.

వెనక దృశ్యం మార్చేటప్పుడు కూడా ఆగి చూడండి. జలపాతం పెడితే అందమే. కానీ ఆ ఫోటోలో తాత వెనక మట్టిగోడ, ధాన్యం గుమ్మి, వేపచెట్టు ఉండొచ్చు. మనది బొగ్గు నేల. కాసిపేట నుంచి గోదావరిఖని దాకా గనుల పక్కనే బతుకుతున్నాం. ఓపెన్‌కాస్ట్ తవ్విన చోట ఊరికి గుర్తుగా ఒక్కోసారి అలాంటి ఫోటో ఒక్కటే మిగులుతుంది. దాన్ని మాస్క్ కింద దాచండి, చెరపకండి.

ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో ఉన్న ఫోటోలను పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా తీసి తీసుకురండి. సంఘానికి ఇచ్చేటప్పుడు రెండు ఫైళ్లు ఇవ్వండి. ఒకటి ఏ మార్పూ చేయని ఫోటో, ఇంకోటి లేయర్లు విడివిడిగా ఉన్నది. జేపెగ్‌గా సేవ్ చేస్తే లేయర్లన్నీ ఒకటైపోతాయి, అది వాట్సాప్‌కే. ఫోటోలో ఎవరున్నారు, ఏ గూడెం, ఎవరు చెప్పారు, ఈ మూడూ ఒక చీటీ మీద రాసి జతచేయండి. ఆ అమ్మాయి అవ్వ ఫోటో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పచ్చబొట్లకు విడిగా ఒక లేయర్ పెట్టి, చుక్క చుక్కగా దిద్దుతోంది.