బిళ్ళగన్నేరు కషాయం



మీ పెరట్లో బిళ్ళగన్నేరు ఉందా? ఉండే ఉంటుంది. మదనపల్లెలో మా వీధి గోడ పగుళ్ళలోంచి కూడా మొలుస్తుంది. పుంగనూరులో పూజపూల కోసం పెంచుతారు. కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇళ్ళల్లో దీన్నే నిత్యకల్యాణి అంటారు, ఏడాది పొడుగునా పూస్తుంది గనుక. నీళ్ళు పోయకపోయినా బతుకుతుంది, మేకలు సైతం ముట్టవు. మేక ముట్టని ఆకును మనం మరగబెట్టి తాగుతున్నామే అన్నదే ఇవాళ నా బాధ.

పుంగనూరులో నాకు అక్క వరసయ్యే ఆవిడ ఒకరున్నారు. నిరుడు ఆవిడకు రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు గదా అని ఎవరికీ చెప్పలేదు. బిళ్ళగన్నేరు ఆకు క్యాన్సరును కరిగిస్తుందని ఎవరో ఫోనులో చూపించారట. ఐదు నెలలు పరగడుపున కషాయం తాగింది. నేను చూడబోతే, “డాక్టర్లు ఇచ్చేదీ ఈ చెట్టు మందే గదమ్మే! సూదులెందుకు, ఆకే తాగితే పోలా?” అంది.

నాకు చప్పున జవాబు తోచలేదు. ఆవిడ మాటలో సగం నిజం మరి.

ఈ మొక్క పుట్టిల్లు మడగాస్కరు దీవి. చాలా దేశాల్లో దీని ఆకును చక్కెర జబ్బుకు వాడేవారు. 1952లో జమైకా నుంచి కొన్ని ఆకులు కెనడాకు చేరాయి. అక్కడ రాబర్ట్ నోబుల్ అనే పరిశోధకుడు ఆ రసాన్ని ఎలుకలకు తాగించి చూస్తే చక్కెర తగ్గనేలేదు. సూదితో ఎక్కిస్తే ఎలుకలు చచ్చిపోయాయి! కారణం వెతికితే, రక్తంలో తెల్లకణాలు పడిపోయి క్రిములు పైబడ్డాయని తేలింది. తెల్లకణాలు మితిమీరి పెరిగే రక్త క్యాన్సరుకు ఇదే పనికిరాదా అనుకున్నారు. చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ పదార్థాన్ని విడదీశారు. 1958లో లోకానికి తెలిసిన ఆ మందే విన్‌బ్లాస్టిన్. ఇదే ఆకునుంచి తీసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈనాటికీ పిల్లల రక్త క్యాన్సరు వైద్యంలో అది ఉండి తీరవలసిందే. దానితోపాటు ఇచ్చే మెథోట్రెక్సేట్ వెనుక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి ఉంది. ఆ కథకు ఇంకో ప్రసంగం కావాలి.

మందు ఎలా పనిచేస్తుందంటారా? నీరుగట్టువారిపల్లెలో మగ్గాలు చూశారు గదా. పడుగు పోయకుండా చీర లేదు. కణం రెండుగా చీలేటప్పుడు కూడా లోపల సన్నని దారాలు ఏర్పడి, జన్యువులున్న పోగులను చెరో పక్కకు లాగుతాయి. ఈ మందు ఆ దారాలను ఏర్పడనివ్వదు. కణం చీలలేక చస్తుంది. వెంట్రుకల కుదుళ్ళలోనూ ఎముక మూలుగలోనూ ఎప్పుడూ చీలే కణాలే గనుక వాటికీ దెబ్బ తగులుతుంది. జుట్టు రాలేది అందుకే.

ఇక అబద్ధపు సగం. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయాలంటే 500 కిలోలకు పైగా ఎండుటాకు కావాలి. మన గ్లాసెడు కషాయంలోకి ఎంత దిగిందో ఎవరు తూచారు? ఆసుపత్రిలోనైతే రోగి ఎత్తూ బరువూ లెక్కగట్టి, మిల్లీగ్రాముల్లో నరానికి ఎక్కిస్తారు. రక్తపరీక్ష చూసి మోతాదు మారుస్తారు. పైగా ఆ ఆకులో ఇంకా నూరుకు పైగా ఇలాంటి పదార్థాలున్నాయి, విషాలూ ఉన్నాయి. జబ్బు తగ్గించడానికి చాలని కషాయం ఒంటికి చెరుపు చేయడానికి చాలవచ్చు.

ఇంకో మాట. క్యాన్సరు ఒకటే జబ్బు కాదు. ఈ రెండు మందులూ ముఖ్యంగా రక్తానికి, లింఫు గ్రంథులకు వచ్చే క్యాన్సర్లకు వాడతారు. రొమ్ము క్యాన్సరుకు తరచుగా ఇచ్చే పాక్లిటాక్సెల్ అసలు వేరే చెట్టుది. అమెరికా పడమటి తీరపు యూ చెట్టు బెరడులో అది మొదట దొరికింది. మన్రో వాల్, మన్సుఖ్ వాణి దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. అంటే అక్క తాగింది ఆ మందూ కాదు, ఆ చెట్టూ కాదు.

బతిమాలి తీసుకుపోయేసరికి జబ్బు చంకలోకి పాకింది. “ఐదు నెలల ముందు వచ్చుంటే...” అని డాక్టరమ్మ మాట అక్కడే ఆపేసింది. ఆపరేషను అయింది, సూదులు నడుస్తున్నాయి. గడ్డలన్నీ క్యాన్సరు కావు సుమండీ. కాని నొప్పి లేదని ఊరుకోకండి, పరీక్ష చేస్తే గాని తేలదు. కుప్పం వారికి రైలెక్కితే బెంగళూరులో కిద్వాయి సంస్థ ఉంది. మదనపల్లె, పుంగనూరు వారికి తిరుపతిలో స్విమ్స్ ఉంది; 2022లో మొదలైన క్యాన్సరు ఆసుపత్రీ ఉంది. ఆకు గాని వేరు గాని తాగి ఉంటే, వాళ్ళు అడక్కపోయినా చెప్పండి. దాస్తే మీకే నష్టం.

మొన్న అక్క ఫోను చేసింది. “జుట్టంతా పోయె మే. చెట్టు మాత్రం బాగా పూస్తా వుండాది. పీకేయమంటావా?” అని అడిగింది. వద్దన్నాను, పూలు దేవుడికి పెట్టుకోమన్నాను.

మరి సెలవు.