చూపుకు పట్టే కాలం



మా మాస్టారి పేరు మీద నెలకొల్పిన ఈ ఉపన్యాసం ఇవ్వమని శాఖవారు అడిగినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోలేదు. ప్రయోగశాలలో ఎవరు ఏ అంకె తెచ్చి చూపించినా "ఇది దేనికి పట్టిన కాలం?" అని అడిగేవారాయన. ఆ ప్రశ్ననే ఈ సాయంత్రం చూపుకు వేస్తున్నాను. కంటి ముందు ఒక వస్తువు మెరిసి మాయమైతే అదేమిటో తెలుసుకోవటానికి మనిషికి ఎంత కాలం పడుతుంది? జవాబుగా శాస్త్రజ్ఞులు చాలా అంకెలు చెప్పారు. అవన్నీ ఒకే దాన్ని కొలిచినవి కావు. నా మాటల సారాంశం ఇంతే. మిగతాదంతా దాని వివరణ.

కథ ఖగోళశాస్త్రంలో మొదలైంది. దుర్భిణిలో కనిపించే సన్నటి తీగను నక్షత్రం ఏ క్షణాన దాటిందో, గడియారం చప్పుడు వింటూ సెకనులో పదో వంతు దాకా అంచనా కట్టటం ఆనాటి పద్ధతి. గ్రీనిచ్ వేధశాలలో కిన్నెబ్రుక్ అనే యువకుడి అంచనాలు తన అధికారి మాస్కెలిన్ అంచనాల కంటే సుమారు 0.8 సెకను వెనకబడ్డాయి. 1796లో అతని ఉద్యోగం ఊడింది. పాతికేళ్ళ తరువాత బెస్సెల్ తనను తాను ఇతర ఖగోళవేత్తలతో పోల్చి చూసుకుంటే, ఆరితేరినవాళ్ళ మధ్య కూడా సెకనుకు మించిన తేడాలు బయటపడ్డాయి. కిన్నెబ్రుక్ పనిలో అశ్రద్ధ లేదనే నేను నమ్ముతాను. చూడటానికీ, విన్నదానితో దాన్ని జతచేయటానికీ కాలం పడుతుందని, అది మనిషికీ మనిషికీ మారుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

1850లో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో సంకేతం వేగాన్ని కొలిచాడు. సెకనుకు సుమారు 30 మీటర్లు. అంత నిదానమా అని లోకం ఆశ్చర్యపోయింది. 1868లో యూట్రెక్ట్‌లో డాండర్స్ తీసివేత లెక్క తెచ్చాడు: వెలుగు కనబడగానే మీట నొక్కటానికి పట్టే కాలాన్ని, ఏ వెలుగో తేల్చుకుని తగిన మీట నొక్కటానికి పట్టే కాలంలోంచి తీసేస్తే, మిగిలేది తేల్చుకోవటానికి పట్టిన కాలం. ఆ తరువాత లైప్‌జిగ్‌లో వుంట్ ప్రయోగశాలలో కాటెల్ అనే అమెరికన్ విద్యార్థి అక్షరాలు, మాటలు, రంగులు, బొమ్మలు చూపించి పేర్లు చెప్పించాడు. 1886లో అచ్చయిన ఆ ఫలితాల్లో ఒక వింత ఉంది. బొమ్మ చూసి పేరు చెప్పటం కంటే ఆ పేరును అక్షరాల్లో చూసి చదవటమే త్వరగా అయిపోతుంది. బొమ్మ ఆలస్యంగా కనబడటం ఇందుకు కారణం కాదు. పేరు నోటికి రావటమే ఆలస్యం. అంటే గడియారం నాలుకను కూడా కలిపి కొలుస్తోంది.

నాలుకనూ చేతినీ పక్కకు తప్పించి చూపును మాత్రమే కొలవటం ఎలా? 1996లో ఫ్రాన్సులోని టూలూజ్ నుంచి సైమన్ థోర్ప్ బృందం చేసిన ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. తెర మీద ఒక ఫొటో 20 మిల్లీసెకన్లు మాత్రమే కనబడుతుంది. అందులో జంతువు ఉంటే మీట మీదున్న వేలు ఎత్తాలి, లేకపోతే కదపకూడదు. జంతువు పులి కావచ్చు, పక్షి, చేప, పురుగు కావచ్చు. ఏ ఫొటో కూడా ఆ మనిషి అంతకు ముందు చూసింది కాదు. పాల్గొన్న 15 మంది సగటున 94 శాతం సరిగ్గా చెప్పారు. వేలు లేవటానికి మధ్యస్థంగా 445 మిల్లీసెకన్లు పట్టింది. కానీ నెత్తి మీద అమర్చిన ఎలక్ట్రోడ్లలో, జంతువున్న ఫొటోకూ లేని ఫొటోకూ తేడా 150 మిల్లీసెకన్లకే కనబడింది! మిగతా సమయంలో చాలా భాగం నిర్ణయానిది, వేలిది. రెటీనా నుంచి అంత లోపలికి చేరేలోపు సంకేతం ఎన్నో మజిలీలు దాటాలి. ఒక్కో మజిలీలో నాడీకణానికి ఒకటి రెండు స్పందనలకు మించి వ్యవధి ఉండదని థోర్ప్ వాదన. ఈ రంగంలో ఇంత పొందికైన ప్రయోగం నేను మరొకటి చూడలేదు. పదేళ్ళ తరువాత కిర్ష్‌నర్‌తో కలిసి ఆయనే వేలిని కూడా వదిలేశాడు. రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే, కళ్ళు జంతువు వైపు తిరగటం 120 మిల్లీసెకన్లకే మొదలైంది.

ఇక పత్రికలకు ఎక్కువగా నచ్చిన అంకె 13. 2014లో ఎం.ఐ.టి.కి చెందిన మేరీ పాటర్ బృందం వరుసగా బొమ్మలు గుప్పించి, ఒక్కోటి 13 మిల్లీసెకన్లే చూపించినా, అడిగిన బొమ్మను జనం గుడ్డి ఊహ కంటే మెరుగ్గా పట్టగలరని చూపింది. దీన్ని "మెదడు 13 మిల్లీసెకన్లలో చూస్తుంది" అని రాసేశారు. అది తప్పు. పిండిమరలో గింజలు పోయటానికి పట్టే కాలం వేరు, పిండి కిందికి రావటానికి పట్టే కాలం వేరు. 13 అనేది బొమ్మ తెర మీద ఉన్న కాలం. ఆ పైన పని లోపల సాగుతూనే ఉంటుంది, తరువాతి బొమ్మ వచ్చి దాన్ని చెరిపేస్తే తప్ప. ఆ చెరపటం సరిగా జరగలేదేమోనని 2016లో మాగ్వైర్, హౌ అనుమానించారు. చెరిపేసే ఆ తరువాతి బొమ్మ, అంటే ముసుగు, గట్టిగా పడితే 27 మిల్లీసెకన్లకు కూడా అర్థం అందటం లేదని వారు చూపించారు. కాబట్టి ఎంతసేపు చూపించారు అన్నదానితో పాటు, వెంటనే ఏం చూపించారు అన్నది కూడా అడగాలి.

ఈ శాఖ విద్యార్థులకు ఒక విన్నపం. కాటెల్ 1885లోనే జర్మన్ పాత అచ్చు అక్షరాలను, రోమన్ అక్షరాలను కాలం కొలిచి పోల్చి, జర్మన్ అక్షరాలకు కాస్త ఎక్కువ సమయం పడుతోందని తేల్చాడు. మన లిపికీ ఈ పరీక్ష గట్టిగా జరగాలి. ప, ష, ఫ; ద, ధ, థ. ఒక్క గీత, ఒక్క మెలిక తేడా. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు అర సెకనులో 11 మీటర్లు దాటేస్తుంది. దారి పక్క పలక మీద ఒత్తులు ఇరికించి రాసిన ఊరి పేరు డ్రైవరుకు ఎప్పుడు అందుతుంది? రెండో తరగతి పిల్లల వాచకంలో ఏ అచ్చు కంటికి సులువు? కొలిచి చెప్పండి. సెకనుకు 60 సార్లే మారే ఫోను తెర మీద 16.7 మిల్లీసెకన్ల కంటే తక్కువ చూపించలేరు. వేగంగా మారే తెర తీసుకోండి. ముసుగుకు గళ్ళూ చుక్కలూ చాలవు. తెలుగు అక్షరాల ముక్కలతోనే తయారుచేయండి.