ఎర్ర మూత, నారింజ మూత
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మనం చదువుకునే రోజుల్లో టీకాల సిస్టర్ వచ్చిందంటే సగం క్లాసు గోడ దూకేది. దూకినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు, పేర్లు చెప్పను. వాళ్ళలో కొందరు ఇప్పుడు రోజూ తమ సూది తామే వేసుకుంటున్నారు.

టైఫాయిడ్ వస్తే మందు వాడతాం, తగ్గుతుంది, మరిచిపోతాం. షుగరు, బీపీ అలా కాదు. మూడు నెలలకోసారి డాక్టరుగారి ముందు కూర్చునేది అయిదు నిమిషాలు. మిగతా తొంభై రోజులూ ఆ జబ్బు మన వంటింట్లో మనతోనే ఉంటుంది. ఆ తొంభై రోజుల్లో ఏం జరిగిందో అడిగి తెలుసుకోవడమే నర్సు అసలు పని. ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసింది అదే.

నాంపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. ఇన్సులిన్ తీసుకుంటున్నా షుగరు దిగడం లేదు. రెండుసార్లు మోతాదు పెంచారు. "చాచా, ఇంట్లో ఎలా తీసుకుంటారో ఒకసారి చూపించండి" అన్నాను. సంచిలోంచి సిరంజి తీశారు. నారింజ మూత! సీసాలో ఉన్నదేమో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల రకానికి. దాంతో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. అటుదిటైతే ఇంకా ప్రమాదం, 20 అనుకున్నది 50 అవుతుంది. సిరంజి మార్చిన రోజే డాక్టరుగారు మోతాదు కూడా తగ్గించారు. లేకపోతే ఆ రాత్రే షుగరు పడిపోయేది.

ఇలాంటివి రక్తపరీక్షలో కనబడవు. ఒకేచోట పొడిచి పొడిచి గడ్డకట్టిన పొట్ట, చెప్పు కరిచినా తెలియని అరికాలు, చేత్తో తడిమి చూస్తేనే దొరుకుతాయి. రంజాన్‌కు ముందే "రోజా ఉంటారా?" అని మనమే అడగాలి. వద్దంటారని భయపడి వాళ్ళు చెప్పరు. మన శివరాత్రి ఉపవాసాలూ అంతే. ముందే తెలిస్తే డాక్టరుగారు మందు వేళలు సర్దుతారు.

బీపీ సంగతి. అబిడ్స్ ట్రాఫిక్ దాటి, మెట్లెక్కి వచ్చి వెంటనే చెయ్యి చాపితే అంకె ఎక్కువే వస్తుంది. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోండి, మాట్లాడకండి.

2017లో దేశంలో రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదలైన అయిదు రాష్ట్రాల్లో మన తెలంగాణ ఒకటి. 2018లో నగరంలో బస్తీ దవాఖానాలు వచ్చాయి: ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకులు. మంచి ఏర్పాటే. కానీ ఎక్కడ చూసినా రిజిస్టర్లు నింపడం, ఫోన్లో ఎక్కించడం నర్సు నెత్తినే పడుతోంది. రోగితో మాట్లాడాల్సిన సమయాన్ని రాతపని తినేస్తోంది. ఇది కోపంతోనే చెబుతున్నాను. మనలో ఆసుపత్రులు నడిపేవాళ్ళున్నారు. షుగరు క్లినిక్‌లో నర్సుకు ఒక బల్ల, రెండు కుర్చీలు, మనిషికి పావుగంట ఇవ్వండి. పెద్ద యంత్రాలేమీ అడగడం లేదు.

భోజనాలయ్యాక వరండా చివరి గదిలో ఉంటాను. ఇన్సులిన్ వాడేవాళ్ళు సీసా, సిరంజి వెంట ఉంటే పట్టుకు రండి, చూస్తాను. గోడ దూకినవాళ్ళు కూడా.