వాడుకుని తిరిగిచ్చే సాయం

కాలు విరిగిన మనిషికి చక్రాల కుర్చీ రెండు మూడు నెలలే అవసరం. అంతమాత్రానికి కొత్తది కొనాలా?

జెరూసలేంలో ఊరి లుపోలియాన్‌స్కీ అనే ఉపాధ్యాయుడు పిల్లలకు ఆవిరి పట్టే యంత్రాన్ని ఇరుగుపొరుగువారికి అరువివ్వడంతో మొదలైన పని, 1976లో ‘యాద్ సారా’ సంస్థగా రూపుదిద్దుకుంది. నేడు ఇజ్రాయెల్ అంతటా వందకు పైగా శాఖల్లో చక్రాల కుర్చీలు, ఊతకర్రలు, ఆక్సిజన్ యంత్రాలు దొరుకుతాయి. కొంత డిపాజిట్ కట్టాలి. వస్తువు తిరిగిస్తే డబ్బు వాపసు. దివ్యాంగుల రాకపోకలకు ప్రత్యేక వ్యాన్లూ ఉన్నాయి. పనిచేసేవారిలో అత్యధికులు వాలంటీర్లే.

యూదులకే కాదు, ముస్లింలకూ క్రైస్తవులకూ ఇక్కడ సాయం అందుతుంది. రోగి ఆసుపత్రి మంచం వదిలి ఇంట్లోనే కోలుకుంటే కుటుంబానికీ ప్రభుత్వానికీ ఖర్చు తగ్గుతుంది. ఈ సేవకే 1994లో ఇజ్రాయెల్ ప్రైజ్ దక్కింది.