గట్టు మీద కావలి

ఈ ఉదయమున ఆదికాండము 39వ అధ్యాయములోని యోసేపును గూర్చి కొద్ది నిమిషములు ధ్యానించుకుందాము.

యోసేపు అనగానే అతడు వస్త్రము విడిచి పారిపోయిన సంగతే మనకు జ్ఞాపకము వస్తుంది. బోధకులమైన మేమును అక్కడే ఎక్కువసేపు నిలుస్తాము. అయితే దానికి ముందున్న 10వ వచనమును నిదానముగా చదవండి. పోతీఫరు భార్య ఒక్కనాడు కాదు, రోజూ అడుగుతూనే వచ్చినది. అతడు ఆమె మాట వినకపోవుటే కాదు, ఆమె దగ్గర ఉండుటకే ఒప్పుకొనలేదు. పారిపోయినది ఒక్క దినము. దూరముగా ఉన్నది ఎన్నో దినములు!

గోదావరి గట్టు క్రింద కాపురముండే మీకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదలో గట్లకు గండ్లు పడిన సంగతి పెద్దలు మరచిపోలేదు. వరద గట్టు పొర్లితేనే గండి పడుతుందా? ఎలుక బొరియ చాలును, ఎండ్రకాయ బొరియ చాలును. అందుకే రాత్రివేళ దీపాలు పట్టుకొని గట్టు దిగువ వైపు చూచుకొంటూ తిరుగుతారు. ఊట తేటగా వస్తే కొంత నయము. బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకొనిపోతున్నదని అర్థము. ఇసుక బస్తాల కోసము తెల్లవారే వరకు ఆగరు.

ఇక సంక్రాంతి సంగతి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టమున్నది, 1974 నాటి గేమింగ్ చట్టమున్నది. అయినను భోగి వచ్చేసరికి మన డెల్టాలో కోడిపందెముల బరులు లేస్తూనే ఉన్నవి. సార్వా ధాన్యము అమ్మిన డబ్బు చేతిలో ఉండే సమయము గదా. అపవాది కాలమెరిగి వస్తాడు.

ఒక సహోదరుడు, ఊరు పేరు చెప్పను, నాతో ఇలా అన్నాడు: "అయ్యగారూ, నేను పందెం కాయడానికి వెళ్లలేదండి. బావమరిది రమ్మంటే చూడడానికి వెళ్లానండి." మొదటి యేడు చూచాడు. రెండవ యేడు వంద రూపాయలు కాచాడు. మూడవ యేడు కౌలు కట్టవలసిన డబ్బంతా గుండాటలో పోయినది. ఇంటికి వచ్చి, జేబు ఎవరో కొట్టేశారని భార్యతో చెప్పాడు. డబ్బు పోయినప్పుడు కాదు, ఆ అబద్ధము తన నోట సులువుగా వచ్చినప్పుడు భయము వేసిందట. బురద ఊట అదే.

(యౌవనస్థులారా, మీ బరి మీ సెల్‌ఫోనులోనికే వచ్చినది. 2020లో మన రాష్ట్రము ఆన్‌లైన్ జూదమును నిషేధించినది. కాని ఫోను మీ చేతిలో ఉన్నది.)

ప్రభువు బల్లకు ముందు అతడు భార్యతో నిజము ఒప్పుకున్నాడు. మరుసటి యేడు ధాన్యము డబ్బు రాగానే ఆమె చేతికిచ్చి, కౌలు కట్టించాడు. భోగి నాడు బావమరిది వస్తే రానన్నాడు. "పెద్ద భక్తుడివయ్యావులే" అని అతడు మూడు నెలలు మాట్లాడలేదు. ఆ మూడు నెలలే తనకు ఎక్కువ కష్టమనిపించినవట. యోసేపుకైనను నమ్మకముగా ఉన్నందుకు మొదట దొరికినది చెరసాలయే. ఇది దాచి బోధించుట న్యాయము కాదు.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, ఊరకే చూచి వద్దాం రమ్మని పిలిచే ఆ బంధువు ఎవరో నీకు తెలుసు, మాకును తెలుసు. అతనికి చెప్పవలసిన మాట ఈ దినమే మా నోట ఉంచుము. అతడు అలిగిన దినములలో అతని యింటికి మేమే ముందు వెళ్లునట్లు మనస్సు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.