ఆయా చేతికి సూదెవరిచ్చారు?



కర్నూలు, కడప నర్సింగ్‌హోముల్లో మనం ‘సిస్టరమ్మా’ అని పిలిచే ఆడపిల్లల్లో నర్సింగు చదివినోళ్లు ఎంతమంది? ఆలూరు, పత్తికొండ, బద్వేలు పక్క పల్లెల్నుంచి, వానల్లేక పనికొచ్చిన మన మాల మాదిగ బిడ్డలూ వాళ్లలో ఉన్నారు. చేర్చుకునేది ఆయాగా. జీతం ఆయా జీతమే. నెల తిరక్కుండానే సూది వెయ్యమంటారు, గ్లూకోజు సీసా ఎక్కించమంటారు, రాత్రిపూట కాన్పు గూడా చూడమంటారు. మన చేతి నీళ్లు తాగనోళ్లు ఆ సూదికి మాత్రం చెయ్యి చాపుతారు, అది వేరే కత!

ఏ.ఎన్.ఎం. చదువు రెండేళ్లు, జి.ఎన్.ఎం. మూడేళ్లు. ఊరికే పెట్టలేదు. కండకెయ్యాల్సిన మందు నరంలోకి పోతే ప్రాణమే పోవచ్చు. ఆ చదువుకు డబ్బు కట్టలేని పిల్లకు ఆ పని అప్పజెప్పి, రోగికేమన్నా అయితే ‘ఆయా చేసింది’ అని చేతులు దులుపుకుంటారు. మంచం మీదున్న రోగి గూడా మనోడే. పిల్లను తిట్టి లాభం లేదు, చేయించినోణ్ణి అడగాల.

వాడిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, ఎయిడ్సు అంటుకోవచ్చు. 2016 నాటి ఆసుపత్రి వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఆ చెత్త ముట్టే వాళ్లందరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు యజమానే వేయించాల. ఎవరికి వేయించారు? గుచ్చుకున్న 72 గంటల్లోపల, ఎంత తొందరగా అయితే అంత మంచిది, పెద్దాసుపత్రికి పోయి ఎయిడ్సు రాకుండా మందు మొదలుపెట్టాల.

ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ చట్టం 2002లోనే వచ్చింది. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి అర్జీ పెడదాం. పిల్ల పేరు రాయొద్దు, పని పోతాది. సంఘం పేరుతోనే రాయండి: ఏ నర్సింగ్‌హోము, రాత్రి డ్యూటీలో రిజిస్టరైన నర్సులు ఎందరు, అని.